మూడోనాడు వచ్చినవాడు

పంటు దిగగానే ఢిల్లీ మేడమ్ చెప్పులు చేత పట్టుకుంది.
నా చేతిలో ఫారం, పద్నాలుగు పేజీలు,
ప్లాస్టిక్ కవర్లో.
గువ్వలలంకలో ఆ రోజు తడవనిది అదొక్కటే.

నా పని మాట మార్చడం.
ఆవిడ ఇంగ్లీషుని తెలుగు చెయ్యాలి,
వీళ్ల తెలుగుని ఇంగ్లీషు చెయ్యాలి.
మధ్యలో నాలుగైదు మాటలు ఏట్లో పడిపోతాయి.
ఎవరూ వెతకరు.

"వరదప్పుడు పిల్లల రక్షణ వ్యవస్థ
ఎన్నో రోజుకి ఇక్కడికి చేరింది?"
ఓలేటి బంగారమ్మ చెవి దగ్గర వంగి అడిగాను.
వల చిక్కు తీస్తూనే అంది:
"వ్యవత్తా? అదేం పడవమ్మా, ఏ రేవుకొచ్చింది?
మేం చూళ్లేదే."
మేడమ్ నా మొహం చూసింది.
గుర్తు లేదంటున్నారు, అన్నాను.

బడి గోడ మీద మా శాఖ రాయించిన నంబరుంది,
ఒకటి సున్నా తొమ్మిది ఎనిమిది,
పసుపు మీద ఎరుపు.
నీళ్లు నిలిచిన గీత దాని నడుం మీదుగా పోయింది.
కింది సగం ఒండ్రు.
పైసగం పట్టుకుని పోల్చుకోవచ్చు,
చదువొస్తే, సెల్లులో ఛార్జింగుంటే, టవరుంటే.
మేడమ్ ఫొటో తీసుకుంది.
నీడ పడుతోందని నన్ను పక్కకి జరగమంది.

తొమ్మిదో గడి: వరదలో నష్టపోయిన పిల్లలు.
సున్నా, అన్నాను, కొంచెం గర్వంగానే.
అది నిజం. పెసంగి ఏడుకొండలు
అర్ధరాత్రి మూడు విడతలు నావ తిప్పి
మేకపిల్లలతో సహా అందర్నీ గట్టెక్కించాడు.
గడికి ఆకుపచ్చ రంగు.

అప్పుడు తాతాజీ, ఎనిమిదేళ్లవాడు, ఎవరూ అడక్కుండానే
"మా అక్క వ్యానెక్కిందండి" అన్నాడు.
ఏ వ్యాను?
తెల్లదండి, రొయ్య బొమ్మ ఉంటది.
ఎప్పుడు?
నీళ్లు తీసిన మూడోనాడు.
బిస్కట్లు పంచేడండి, పెద్ద పేకట్టు, నాకూ ఇచ్చేడు.
అమ్మకి రెండు వేలు. దుప్పటి.
ఎంతమంది ఎక్కారు?
వేళ్లు మడిచాడు. ఒక చెయ్యి అయిపోయింది.
రెండో చెయ్యి మొదలెట్టి ఆగాడు,
పద్మకుమారి ఎక్కిందో, ఎక్కి దిగిందో తేలక.

మేం పదకొండోనాడు వచ్చాం.
బ్యానరు ప్రింటవడం ఆలస్యమైంది.

తల్లి తడికె వెనక నుంచే అంది,
"పనికేనండి. తలకాయలు తీసే పని. ఐసు గది.
పిల్లకి రెండు పూటలా అన్నం ఎడతాడంట.
ఇక్కడ ఏటెట్టను?"
నా దగ్గర జవాబు లేదు. ఫారంలోనూ లేదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి.
ఈ ఊళ్లో బాలల సంరక్షణ కమిటీ ఉంది.
పన్నెండుమంది, ఏడాదికి నాలుగు సమావేశాలు.
మినిట్స్ పుస్తకం నిండా ఒకటే సిరా.
అమలాపురంలో, ఆఫీసు ఫ్యాను కింద,
ఒక్క మధ్యాహ్నంలో నాలుగూ రాసింది నేనే,
బజ్జీలు తింటూ.
మూడో సమావేశం మీద నూనె మరక ఇంకా ఉంది.
బంగారమ్మ అందులో సభ్యురాలు.
ఆమెకి తెలీదు.

"ఏమంటున్నాడు ఆ అబ్బాయి?" మేడమ్ అడిగింది.

ఈసారి ఒక్క మాట ఏట్లో పడనివ్వలేదు.
వ్యాను, పేకట్టు, రెండు వేలు, ఐసు గది,
ఆ వెంటనే, ఎవరూ అడగని సిరా సంగతి కూడా.
ఆవిడ చాలాసేపు ఫారం అటూ ఇటూ తిప్పింది.
దీనికి గడి లేదు, అంది.
కాగితం వెనక్కి తిప్పి, తెల్లవైపు నా ముందు పెట్టి,
పేర్లు రాయి, అంది.

తాతాజీ చెప్పాడు. నేను రాశాను. ఆరు పేర్లు.
ఏడోదాని పక్కన ప్రశ్నగుర్తు.

తిరుగు పంటులో ఎవరం మాట్లాడలేదు.
ప్లాస్టిక్ కవరు తాతాజీ దగ్గరే మిగిలిపోయింది,
పలక తడవదని అడిగి తీసుకున్నాడు.
ఏటి నడిమికొచ్చాక ఫోన్లో సిగ్నలు రెండు గీతలు చూపించింది.
ఏడేళ్ల నౌకరీలో మొదటిసారి
ఆ నాలుగంకెలూ నేనే నొక్కాను.

మోగుతోంది.
ఒడ్డు దగ్గరపడుతోంది.
ఇంకా మోగుతోంది.