ఇరవై రెండో అక్షరం

డండీలో ఆ పొద్దున
సముద్రం మీంచి పొగమంచు నడిచొచ్చి
టే నది మీది రైలు వంతెనను సగం మింగేసింది.
మిగిలిన సగం మీద ఓ రైలు
గోడలోకి దూరినట్టు దూరి మాయమైంది.
నేను ల్యాబు కిటికీ పక్కన
ఎలుక ప్లీహాన్ని తూకం వేస్తున్నాను.

మామూలుగా ఎనభై మిల్లీగ్రాములు,
చిక్కుడు గింజ చీలికంత.
ఇది నాలుగొందల పది.
ఏ రోగమూ అంటలేదు దీనికి.
బోను శుభ్రం, మేత శుభ్రం, గాలి కూడా వడకట్టిందే.
శత్రువు రాని కోటలో
సైన్యం మాత్రం ఊరికే పెరిగిపోయింది.

ఈ ఎలుకకు లేనిదల్లా
ఇరవై రెండు అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క.

ఇరవై రెండు!
చంపకమాల పాదానికి ఇరవై ఒకటి.
దానికన్నా ఒక్కటి ఎక్కువ, అంతే.
దాంట్లోంచి ఏ ప్రొటీనూ పుట్టదు.
జెల్ అంచు దాటి జారిపోతుంటే
ఏళ్ళ తరబడి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

బొబ్బిలి హైస్కూల్లో హైమవతి టీచరు
డస్టరుతో బల్ల మీద కొట్టి చెప్పేది:
"రెండో అక్షరం కలవాలే! కలవకపోతే
నీ పద్యం నా గుమ్మం ఎక్కదు."
ఇన్నేళ్ళకి, ఇంత చలిలో, నవ్వొచ్చింది నాకు.
ఇదీ రెండో అక్షరం నుంచే వెతుక్కుంటుంది టీచర్!
రెండు నుంచి ఎనిమిది దాకా
ఎదుటి ఉత్తరం తోకలో ప్రాస కుదిరితే చాలు,
దాని మీద వాలిపోయి
ఇక చదవనివ్వదు.
మెల్లగా, చప్పుడు లేకుండా, చింపేయిస్తుంది.

ఏముంటుంది ఆ ఉత్తరాల్లో?
మంట పెట్టండి.
ఇంకా మందిని పంపండి.
చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్న
సామెత మీద బతికే జాతి అది.
తప్పనను. ఆ కర్ర లేకపోతే
మొదటి జలుబుకే నేను లేను.
కానీ పాము పోయాక కూడా
గడ్డిపోచ కదిలితే లేస్తుంది కర్ర,
తన పాదం మీదే పడుతుంది.

కర్ర ఎత్తమని కేకేసిన ఆ గొంతే
కొన్ని గంటలు ఆలస్యంగా
ఈ బుల్లిదాన్నీ పుట్టిస్తుంది.
ఆ గంటల్లో క్రిమి చావాలి.
ఆ తర్వాత మనం చావకూడదు.
పొయ్యి ఆర్పేయదిది,
సిమ్‌లో పెడుతుంది.

ఎలుకల గదిలో ఎఫీ మక్లీష్
ఇరవై ఆరేళ్ళుగా బోన్లు మారుస్తోంది.
కీళ్ళవాతానికి వేళ్ళ కణుపులు
అల్లం కొమ్ముల్లా వంకర తిరిగాయి.
వాళ్ళమ్మమ్మ ఈ ఊరి జనపనార మిల్లులో
మగ్గాల హోరుకి చెవులు పోగొట్టుకుని
చేతులతోనే కబుర్లు చెప్పేదట.
ఆ చేతుల మనవరాలు ఇవాళ
బోను మూత తియ్యలేక నావైపు చూసింది.

"నువ్వు చెప్పే ఆ బుల్లిది
నాలో కూడా లేదా?"

అబద్ధం ఆడొచ్చు. సులువుగా ఉండేది.
"ఉంది ఎఫీ. నీలాంటి జబ్బున్న చాలామందిలో
మామూలు కన్నా ఎక్కువే ఉంటుంది.
చాలు చాలు అంటూనే ఉంటుంది.
ఎందుకో ఎవరూ వినరు."

ఎఫీ కాసేపు చేతి తొడుగు సర్దుకుంది.
"మిల్లులో మా అమ్మమ్మ అరిచినా అంతే,"
అంది, కోపం లేకుండా.
"అందుకే చేతులు నేర్చుకుంది."

మూత నేను తీసి పట్టుకున్నాను.
ఎలుక నిలబడి ఒకసారి గాలి వాసన చూసి
మళ్ళీ దూదిలోకి దూరింది.
మంచు విడలేదు. వంతెన ఇంకా సగమే.

నోటుబుక్కులో నాలుగొందల పది అని రాశాను.
పక్కన, ఎందుకో,
న జ భ జ జ జ ర అని కూడా రాసి
మిగిలిన ఆ ఒక్క అక్షరాన్ని
ఎక్కడ పెట్టాలో తోచక
పెన్ను మూసేశాను.