గ్రాండ్

మన దగ్గర ఆ మాట వెంట
బ్యాండు మేళం నడుస్తుంది.
పెళ్లి గ్రాండ్‌గా చేశారంటే
పదకొండు రకాల స్వీట్లు, రెండు డ్రోన్లు,
అప్పు తీరడానికి నాలుగేళ్లు.

ఇక్కడ, ఐర్లండులో, మేయో కౌంటీ పడమటి అంచున,
వాన అడ్డంగా కురిసే ఈ ఊళ్లో
అదే మాట చెప్పుల్లేకుండా తిరుగుతుంది.

మందుల షాపు కౌంటరు వెనక నిలబడి
దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను.
గ్రాండ్ అంటే చిల్లర సరిపోయింది.
గ్రాండ్ అంటే సంచీ అక్కర్లేదు.
మాత్రలు పడుతున్నాయా అని అడిగితే, గ్రాండ్:
ఇంకా మొదలే పెట్టలేదన్నమాట.
తుంపర కాస్త సన్నబడితే ఆ పూటంతా గ్రాండ్.
ఫిన్‌బార్ ట్రాక్టరుతో పక్కవాళ్ల గేటు గుద్దేస్తే
"యు ఆర్ గ్రాండ్" అన్నాడు గేటుగలాయన.
క్షమించానని దాని అర్థం.
మూడు తరాలదాకా మరిచిపోనని కూడా.
పడవ ఇంజనుకు పన్నెండు గ్రాండ్ అడిగారంటే మాత్రం
అందులో సున్నాలుంటాయి, ఎవరూ నవ్వరు.

పియానోలు శృతి చేసే మాలకీ టూహీకి
గ్రాండ్ అంటే మూడు కాళ్ల నల్ల జంతువు.
నలభై ఏళ్లలో అలాంటివి రెండే తాకాడట,
ఒకటి హోటల్లో, ఒకటి కాన్వెంటులో.
మిగతావన్నీ గోడకు ఆనుకుని నిలబడ్డవి,
చెమ్మకు ఉబ్బినవి,
లోపల ఎలుకలు కాపురం పెట్టినవి.

చెవిలో గులిమి కరిగే చుక్కల కోసం వచ్చి,
షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని, చెప్పాడు.

మంగళవారం డింప్నా లవెల్ ఇంటి ముందు కారు ఆపాడు.
అద్దం దించి ఎలా ఉన్నావంటే
తీగ మీంచి తడిబట్టలు లాగుతూ, వెనక్కి తిరక్కుండానే
"గ్రాండ్, గ్రాండ్" అంది.
ఫెలిమ్ పోయి ఐదు నెలలు.

రెండు మైళ్లు వెళ్లాడు.
వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే
ఆ రెండు మాటలు చెవిలో ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.
ఒకే స్వరానికి బిగించిన మూడు తీగల్లో
ఒకటి వెంట్రుకవాసి జారితే చాలు,
ధ్వని అలలు అలలుగా వణుకుతుందట.
ఫాదర్‌కి వినపడదు, కుక్కలకి వినపడుతుంది,
నాకు వినపడుతుంది, అన్నాడు.
మొదటి గ్రాండ్ కంటే రెండోది
ఆ వెంట్రుకవాసి కింద ఉంది.

కారు తిప్పాడు.
ఏం వంక పెట్టాలో తోచక
నా శృతి సుత్తి ఇక్కడ మరిచిపోయానేమో అన్నాడు.
ఆ ఇంట్లో పియానో లేదు.
ఆమె ఆ సంగతి ఎత్తలేదు. కెటిల్ పెట్టింది.
కాసేపు వాన, కాసేపు గొర్రెల ధర.
తరవాత అల్మరాలోంచి రూబర్బ్ జామ్ సీసా తెచ్చి
బల్ల మీద, అతనికీ తనకీ మధ్య పెట్టింది.
మూతలు ఎప్పుడూ ఫెలిమే తీసేవాడు.
ఐదు నెలలుగా ఆమె
రొట్టెకు వెన్నతో సరిపెట్టుకుంటోంది.

మాలకీ మూతకు తువ్వాలు చుట్టి తిప్పాడు.
టప్‌మని గాలి లోపలికి పోయింది.
"గ్రాండ్" అంది.
నీ ఫీజెంత, అని అడిగింది.
ఒక గ్రాండ్, అన్నాడు.
జామ్ కత్తి చేతిలో అలాగే పట్టుకుని
ఆమె నవ్విందట,
పాత కీలు మూలిగినట్టు.

మరి ఆ గ్రాండ్ ఎలా పలికింది,
చుక్కల సీసాను కాగితం సంచీలో వేస్తూ అడిగాను.
ఇంకా కిందనే, అన్నాడు.
చెమ్మలో పడి ఉన్నదాన్ని ఒక్కరోజులో పైకి లాగితే
తీగ తెగుతుంది.
కొంచెం బిగించాలి, వదిలెయ్యాలి,
వచ్చే మంగళవారం మళ్లీ వినాలి.

డబ్బిచ్చాడు, చిల్లర వద్దన్నాడు.
తలుపు పిడి మీద చెయ్యి వేసి
నీకు ఇక్కడ బాగానే ఉందా అన్నాడు, ఊరికే అన్నట్టు.

గ్రాండ్, అన్నాను.

అతను వెంటనే తలుపు తెరవలేదు.