గాస్కెట్

డెలివరీ అయిపోయిందని మెసేజొచ్చింది
మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి.
ఫోటో కూడా పెట్టారు:
గోధుమరంగు తలుపు, దాని మీద ఆరు,
కింద పట్టా మీద అరచేతంత పొట్లం.
ఆ టైముకి నేను ఇంట్లోనే ఉన్నాను
చింతపండు పిక్కలు తీస్తూ.
తలుపు తీస్తే పట్టా ఖాళీ.

అందులో ఉన్నది వజ్రాలేం కావు.
అయిదు లీటర్ల కుక్కర్‌కి గాస్కెట్,
నూట నలభై తొమ్మిది రూపాయలు.
పూర్ణా మార్కెట్‌లో తొంభైకే ఇస్తాడు,
ఎండలో ఎవరు పోతారని
వేలితో నొక్కాను, అంతే.

పెదవాల్తేరులో మా అపార్ట్‌మెంట్‌కి
అంతస్తుకి మూడు గడపలు.
సరిగ్గా మా నెత్తిన తొమ్మిదో నంబరు:
షిప్‌యార్డులో వెల్డింగు చేసి రిటైరైన
గుంపస్వామి గారూ, ఆయన చెల్లెలు అచ్చియ్యమ్మా.
వచ్చి ఎనిమిది నెలలు.
మెట్ల మీద ఎదురైతే పక్కకి జరుగుతారు,
నవ్వరు.

గేటు కెమెరా చూద్దామంటే
అద్దం మీద సముద్రం ఉప్పు పేరుకుని
మనుషులంతా మంచులో నడుస్తున్నట్టున్నారు.
కంపెనీకి ఫోన్ చేస్తే
ఒకమ్మాయి నా పేరు మూడు రకాలుగా పలికి
"ఇరుగు పొరుగుని అడిగారా మేడమ్" అంది.
అడగలేదు.
అడగడం అంటే అనడమే కదా.

బుధవారం నుంచి పప్పు గిన్నెలో ఉడికింది,
ఉడికిందని మేము అనుకున్నాం.
మా ఆయన పంటి కింద కందిబద్ద పడి
ఏమీ అనలేదు, నీళ్ళు తాగాడు.
అప్పుడే పైనుంచి
వాళ్ళ కుక్కర్ కూసింది.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
అంత నిండుగా, అంత గుండ్రంగా కూస్తోందంటే
కొత్త గాస్కెట్ కాక మరేమిటి!

గురువారం చెత్తబండి వచ్చినప్పుడు
వాళ్ళ బుట్టలోకి తొంగిచూశాను.
మునక్కాడ పిప్పి, మందుల చీటీ,
ఒక అట్టముక్క.
ఆ అట్టముక్కతో రెండు రోజులు బతికాను.
ఐదో నంబరు సుభాషిణి చెవిలో వేశాను.
ఆవిడకీ నిరుడు దసరాకి దువ్వెనల సెట్టు పోయిందట.
అప్పటికి వాళ్ళింకా ఈ ఇంట్లో దిగనేలేదని
ఇద్దరికీ గుర్తుంది,
ఇద్దరం అనలేదు.

శుక్రవారం సాయంత్రం బెల్లు మోగింది.
తలుపు కంట్లోంచి చూస్తే అచ్చియ్యమ్మ,
కొంగు చాటున చెయ్యి.
ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.
శనివారం మళ్ళీ మోగింది. మళ్ళీ నిలబడ్డాను.
చేబదులుకి వచ్చి ఉంటుంది,
పంచదారకో పచ్చిమిరపకాయలకో,
మా సొమ్ముతో వండుకుంటూ
పైగా మా గడపకే.

ఆదివారం పొద్దున్న ఆయనే దిగాడు.
బెల్లు కొట్టలేదు,
తలుపు మీద ఏదో గీరుతున్న చప్పుడు.
విసురుగా తీశాను.
పెదాల మధ్య రెండు స్క్రూలు, చంకలో మా నంబరు పలక.
స్క్రూలు చేతిలోకి తీసుకుని అన్నాడు:
"మాది పైమేకు రాలిపోనాదమ్మా,
తొమ్మిది తిరగబడి ఆరైపోనాది.
పైనుంచి పంచుకుంటూ దిగిన గుంటడికి ముందు మాదే తగిలింది.
మా సెల్లి రెండుమాట్లు వొచ్చింది,
మీరు ఊర్లో లేరనుకున్నాం.
మీదీ ఒక్క మేకు మీదే ఉన్నాది.
సముద్రం పక్కన ఇనుము నిలవదు,
ఇవి స్టీలువి."
జేబులోంచి పొట్లం తీశాడు.
టేపు అంచు కూడా లేవలేదు.

ఆయన వెళ్ళాక ఫోన్‌లో ఆ ఫోటో మళ్ళీ చూశాను.
పట్టా కొబ్బరిపీచుది.
మాది పాత చీర మడిచి కుట్టింది.
ఐదు రోజులు రోజుకి పదిసార్లు
నేను ఆరునే చూశాను.

పప్పు ఇప్పుడు వెన్నలా ఉడుకుతోంది.
పైన నాలుగు కూస్తే కింద మూడు.
గుంపస్వామి గారికి కాఫీ ఇచ్చాను, సగం తాగారు,
పంచదార ఆయనకి పడదట.

సుభాషిణికి మాత్రం ఇంకా చెప్పలేదు.
నిన్న అచ్చియ్యమ్మ మెట్లెక్కుతుంటే
ఆవిడ గుమ్మం బయటి చెప్పుల స్టాండు
చప్పుడు కాకుండా లోపలికి లాక్కుంది.
తలుపు కంట్లోంచి
నేను చూస్తూనే ఉన్నాను.