వెన్ను చూపేవాడు

టెగ్విన్ ప్రాసర్‌ని నా కొట్లో
మూడు పలకల అద్దం ముందు నిలబెట్టాను.
బయట వాన. ఈ వేల్స్ లోయలో అది వార్త కాదు.
"కోటు వెనకాల చీలిక ఎలా పెట్టమంటావు?"
"అందరికీ ఎలా పెడతావో అలాగే."

అందరిలాంటివాడైతే అడగను కదా.
పగలు రొట్టెల వ్యాను నడుపుతాడు.
గురువారం రాత్రులు ఇరవైమూడు మగ గొంతుల్ని నడుపుతాడు.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా
ఊరికి వెన్ను చూపడమే అతని కొలువు.
పాట మొదలైతే చాలు చేతులెత్తేస్తాడు,
ఓడిపోయి కాదు,
పొంగబోయే కుండ మీద మూత ఎత్తినట్టు.

అందుకని ఓపిగ్గా చెప్పాను.
చీలికే లేకుండా కుట్టొచ్చు,
మూసిన తలుపులా నున్నగా ఉంటుంది.
ఫోటోకి బాగుంటుంది.
చెయ్యి ఎత్తావా, కోటంతా పోయి మెడెక్కి కూర్చుంటుంది.
నడుమ ఒక్కటే పెట్టొచ్చు,
గుర్రమెక్కే దొరల కోసం పుట్టిందట అది,
జీనుకి చెరోవైపు అంచు పడాలని.
"నాకు గుర్రం లేదు."
ఉన్నా ఈ వానలో ఎక్కడికి పోతావులే.
నీ పాత కోటుకున్నది అదే.
పై స్వరం అందుకున్నప్పుడల్లా నోరు తెరిచేది,
మూడో వరుసలో కూర్చుని నేను దాన్నే చూసేదాన్ని.
పాట వినలేదు, దేవుడు క్షమించాలి.

మిగిలింది పక్కకొకటి.
చేతులు లేస్తే మధ్య రేకు మాత్రం లేచి
మళ్లీ వచ్చి వాలుతుంది, పిట్ట తోకలా.
"ఖర్చా?"
"పని."

"ఏదీ, ఓసారి ఎత్తు" అన్నాను, నోట్లో గుండుసూదులతో.
"ఇక్కడా?"
ఇక్కడే. ఇస్త్రీపెట్టె, బొత్తాల డబ్బాలు, నేను.
సిగ్గుపడుతూనే ఎత్తాడు.
కుడిచెయ్యి చూరు దాకా వెళ్లింది.
ఎడమది చెవి దగ్గరే ఆగిపోయింది.

నా సుద్దముక్క కూడా ఆగింది.
"ఎప్పట్నించి?"
"ఫిబ్రవరి."
"వాళ్లకి తెలుసా?"
"ఎదురుగా నిలబడేవాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది?
ఎడమవైపు మంద్రం వాళ్లు నా చెయ్యి చూడటం మానేశారు.
నా కనుబొమ్మ చూసి పాడుతున్నారు."

ఇంకేం మాట్లాడలేదు ఇద్దరం.
ఆ రాత్రి ఎడమ చీలిక అరంగుళం ఎక్కువ కోశాను,
ఆ భుజం పోగలిగినంత దూరం
కనీసం నా గుడ్డ అడ్డుపడకుండా.
మా నాన్న బతికుంటే స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు.
కొట్టనీ.

కోటు అప్పగిస్తూ మరీ మరీ చెప్పాను:
చీలికలు నలగకుండా తెల్లదారంతో అడ్డంగా టాకాలేశాను,
ఇంటికి వెళ్లగానే కత్తిరించు.
ఊఁ అన్నాడు. ఆ ఊఁ నాకు తెలుసు.

డిసెంబర్, ప్రార్థనామందిరం, బూట్ల తడి వాసన.
అతను వచ్చి మాకు వెన్ను చూపాడు.
ముదురునీలం గుడ్డ మీద
రెండు తెల్లటి ఇంటూ గుర్తులు,
తప్పు లెక్కని బడిపంతులు కొట్టేసినట్టు.
నా సంచిలో కత్తెర ఉంది. వేదిక పది అడుగులు.

చేతులు లేచాయి.
కుడి టాకా తొలి స్వరానికే తెగింది.
ఎడమది తెగలేదు.
రెండో పాట. మూడోది. విరామం.
వెళ్లి కత్తిరించొచ్చు, ఎందుకో లేవలేదు నేను.
చిట్టచివరి పాటలో, చిట్టచివరి పైమెట్టు దగ్గర,
నేను కొలిచినదానికన్నా, నేను కోసినదానికన్నా
రెండు వేళ్లు పైకి పోయింది ఆ చెయ్యి.
దారం తెగి వేలాడింది.
రేకు లేచింది, వాలింది.

ఊరు చప్పట్లు కొడుతోంది.
అతను ఇటు తిరిగి తల వంచాడు.
కింది బొత్తాం కూడా పెట్టేసుకున్నాడు, మహానుభావుడు.
అది చెప్పడం మరిచాను.