చెంబెడు నీళ్ళు

అనంతపురం పెద్దాసుపత్రి, మూడో అంతస్తు.
ఒకప్పుడు పాత కేసు షీట్లు పడేసిన గది.
ఇప్పుడు ఆరు తెరలు, ఆరు హెడ్‌ఫోన్లు.
ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఆపేసి
చెమటలో కూర్చుంటాం.

మొదటి రోజే భ్రమరాంబ మేడం
మా మెడల్లోంచి స్టెతస్కోపులు తీయించి
సొరుగులో పెట్టి తాళం వేశారు.
"చేతులు లేవనుకోండి," అన్నారు.
"ఇక అడగడం నేర్చుకోండి."

అడగడం వచ్చనే అనుకున్నాం.
ఎన్నాళ్ళ నుంచి, ఎక్కడ, ఎలాంటి నొప్పి.
పుస్తకంలో ప్రశ్నలకు పుస్తకంలోనే జవాబులు.
కుందుర్పి పక్క పల్లెల జవాబులు వేరే.
"జీవం లాగినట్టుండాది."
"మోకాళ్ళలో ఎవురో ఇసక పోసినారు సామీ."
ఇంతియాజ్ ఒక నోట్‌బుక్ పెట్టాడు:
ఎడమవైపు వాళ్ళ మాట, కుడివైపు మా మాట.
కుడివైపు సగం ఖాళీగానే ఉంది.

గురువారం పదకొండింటికి తిప్పక్క వచ్చింది.
వచ్చిందంటే, ముందు గొంతు వచ్చింది,
తర్వాత సగం మొహం,
తర్వాత చుక్కలు చుక్కలుగా మిగతా సగం.
ఇరవై ఆరేళ్ళు. బుడ్డల చేన్లో కలుపు వదిలేసి
పూట కూలి పోగొట్టుకుని వచ్చింది.
ఆయాసం. నాలుగడుగులు వేస్తే కండ్లు చీకట్లు.

కింది రెప్ప లాగి చూపించమన్నాను.
నర్సు హంపమ్మ లాగింది.
అక్కడ ఎండకు అడ్డంగా నీలం పట్ట కట్టారు.
రెప్ప నీలం, గోడ నీలం,
మూలనున్న తూకం మిషను కూడా నీలమే.
రక్తం చూసే పట్టీలు?
"అయిపోయినాయి డాక్టరమ్మా, రాసి పంపి నెలైంది."
(డాక్టరమ్మను కాను. ఇంకా ఏడాదిన్నర ఉంది.)

నాకేమీ తోచలేదు.
మేడం వెనక నిలబడి ఉన్నారని వీపుకు తెలుస్తోంది.
అప్పుడు హంపమ్మ, ఎవరూ చెప్పకుండానే,
తిప్పక్క అరచెయ్యి తెరిచి కెమెరా ముందు పెట్టి
దాని పక్కనే తన అరచెయ్యి పెట్టింది.

ఒకటి ఆ నీలంలో కూడా ఎర్రగా ఉంది.
ఒకటి ఆ నీలంలో కూడా సున్నం గోడలా ఉంది.
పద్దెనిమిదేళ్ళు సూదులేసిన చెయ్యి
కొలబద్దై కూర్చుంది.
ఏ గడిలో రాయాలో తెలీక
"పాలిపోయింది, హంపమ్మ చేతితో పోలిస్తే"
అని అంచున రాసుకున్నాను.

ఏం తింటావు?
సంగటి. పప్పుంటే పప్పు.
ఇంకేమైనా తినబుద్ధవుతుందా?
తెర మూలన చిన్నగా తన బొమ్మే కనబడితే
దాన్ని చూసి కొంగు సర్దుకుంది.
"ఏం ల్యా."

మేడం వంగి నా చెవిలో అన్నారు:
"బొమ్మ ఆపమను."
ఆపాం. అటూ నలుపు, ఇటూ నలుపు.
నెట్‌వర్క్ పోయిన ప్రతిసారీ
మేం తిట్టుకునే నలుపే.
ఎక్కడో మేక అరిచింది. ట్రాక్టరొకటి దాటిపోయింది.
తర్వాత ఆ గొంతు, ఎవరితోనూ కానట్టు:

"వాన పడితే మట్టిగోడ వాసనొస్తాది సూడు,
దానికి నోరూరతాది నాకు. గిల్లుకోని తింటా.
మా పక్క వాన యాడిదిలే.
ఎవురూ ల్యానప్పుడు
చెంబెడు నీళ్ళు నేనే సల్లుకుంటా."

ఆరుగురం కీబోర్డుల మీంచి చేతులు తీశాం.

ఇనుము మాత్రలు. నులిపురుగుల మాత్ర ఒకటి.
సోమవారం కళ్యాణదుర్గంలో రక్తపరీక్ష.
"ఇంగో పూట కూలి," అంది తనే, నవ్వుతూ.

ఆమె మాటకు కుడివైపు రాయడానికి
రెండక్షరాల ఇంగ్లీషు మాటుంది.
పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.
ఇంతియాజ్ పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు.
నేను చెప్పలేదు.

రాత్రి హాస్టల్ బాత్‌రూం గోడకు
మగ్గుతో నీళ్ళు కొట్టాను.
ఆయిల్ పెయింటు. జారిపోయాయి.
ముక్కు ఆనించి చాలాసేపు నిలబడ్డాను.
ఏ వాసనా లేదు.