గోరంత మచ్చ

నిమ్స్‌ల మూడో అంతస్తు.
డాక్టరమ్మ ఫిల్మును లైటుకు పెట్టి చూపింది:
ఇగో, నుదుటి ఎనుక, గోరంత.
గా గోరంతలనే ఉండెనట
లింబాద్రి కోపం.

ముప్పై ఒక్క ఏండ్లు
పప్పుల ఉప్పు తక్కువైతే గోడకు తగిలిన గిన్నెలు,
మలక్‌పేట గల్లీ మొత్తం విన్న తిట్లు.
నా రాత అనుకున్న. ఆయన గుణం అనుకున్న.
పుట్టుకతోని వచ్చింది పుడకలతోని గాని పోదనుకున్న.
ఆవగింజంత నెత్తురు గడ్డ
పుడకల దాకా ఆగలే.

ఇప్పుడు చప్పటి పప్పు తిని
"మంచిగున్నది అండాలూ" అంటడు.
పెండ్లయినంక నన్ను పేరు పెట్టి పిలుసుడు ఇదే మొదలు.
పొద్దుగాల డాబా మీద పావురాలకు జొన్నలు చల్లి
నెట్టుకోకుండ్రి బిడ్డా అని బతిమాలుతడు.
మెట్రో పోతుంటె చెయ్యి ఊపుతడు.

దేవుడు చల్లగ చూసిండని చుట్టపోళ్ల మాట.
నేను ఎవరిని మన్నించాలె?
తిట్టినోడు లేడు.
ఉన్నోడు తిట్టనే లేదు.

నిన్న మాపటికి
ఆయన చేతిల స్టీలు గ్లాసు జారి ఖంగుమన్నది.
నా భుజాలు చెవుల దాక లేచినయ్,
మెడ లోపలికి పోయింది,
కండ్లు గట్టిగ మూసుకున్నయ్,
నన్ను అడగకనే.
ఆయన బిత్తరపోయి చూసిండు.
"ఎవరన్న కొట్టిన్రా నిన్ను?"

గుడ్డ తెచ్చి చాయ్ తుడుస్తుంటె
వేళ్లు ఇంకా వణుకుతనే ఉన్నయ్.
లేదు తియ్, అన్న.
కొంచెం ఆగి, ఎందుకో తెల్వదు,
చక్కెర తక్కువైందా, అని అడిగిన.