రెండూ పది

రాత్రి రెండూ పదికి
మా రామ్మూర్తి నగర్ ఏడో క్రాస్‌లో
కుక్కల పంచాయితీ మొదలవుతుంది.
తగువేమిటో ఈ పదకొండేళ్ళలో నాకు తెలిసి చావలేదు.
ముందు కరియ ఒక మాట అంటాడు.
పాతసామాన్ల కొట్టు కింద పడుకునే కుంటిది
అది కాదు పొమ్మంటుంది.
ఇక ఎనిమిదో క్రాస్ వాళ్ళు ఊరుకుంటారా.

మొన్న మొన్నటిదాకా
ఆ పంచాయితీకి నేనే పెద్దని.
బాల్కనీ తలుపు తీసి ఒక్క కేక వేస్తే
వీధి వీధంతా నోరు మూసుకునేది.
పాతికేళ్ళు పిల్లలకి ఎక్కాలు చెప్పిన గొంతు మరి.
ట్యూషన్లో నేను పద్నాలుగో ఎక్కం ఎత్తుకుంటే
కింద పాలవాడు చిల్లర సరిచూసుకునేవాడట.

ఆషాఢంలో థైరాయిడ్ గడ్డ తీశారు.
గడ్డ పోయింది, మంచిదే.
చెడ్డ గడ్డ కాదన్నారు, ఇంకా మంచిది.
దాని వెనకే నా గొంతూ ఎటో పోయింది.
నరం అలిగిందమ్మా, అన్నాడు డాక్టరు,
మూడు నెలలు పట్టచ్చు, ఆరు పట్టచ్చు.
అల్లుడి అలకైతే ఉంగరంతో తీరుతుంది.
నరం అలిగితే ఏం పెట్టి బతిమాలను?

తిట్టడానికి నోరు లేనప్పుడే
తిట్టాల్సినవన్నీ వరస కడతాయి.
తెల్లవారుజామున వెనక్కొస్తూ కీచుమనే నీళ్ళ ట్యాంకరు.
రెండుసార్లు తవ్వి ఒకేసారి పూడ్చిన రోడ్డు.
ఫోన్లో నా గాలి మాట విని
రాంగ్ నంబరని పెట్టేసిన చిన్నాడబడుచు.
'ఈరుళ్ళి, టొమాటో, ఈరుళ్ళి' అంటూ
బండికి కట్టిన మైకులో ఎంతకీ అరగని ఆ గొంతు,
దాన్ని వింటే మాత్రం కోపం కాదు, ఒట్టి అసూయ.
"పోన్లే, ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నారు మా ఆయన.
ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యలేదు.
మరిచిపోయి కాదు.

గొంతు కసరత్తు నేర్పే లిన్సీ అనే పిల్ల
గ్లాసుడు నీళ్ళూ ఒక స్ట్రా చేతికిచ్చి
'ఊ' అంటూ బుడగలు ఊదమంది.
యాభై మూడేళ్ళ మనిషిని,
సాయంత్రం పూట గేటు దగ్గర మెట్టు మీద కూచుని
బుడబుడ బుడబుడ.
కరియ వచ్చి ఎదురుగా కూచునేవాడు,
ఒక చెవి నిక్కబెట్టి, ఒకటి వాల్చి,
పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి భాష విననట్టు.
ఇంట్లోవాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు.
నేను ఆపితే తోకతో నేలమీద ఒక్కసారి కొట్టేవాడు.
కొన్నాళ్ళు వాడి కోసమే ఊదాను.

నిన్న రాత్రి మళ్ళీ రెండూ పది.
అలవాటు కొద్దీ బాల్కనీలోకెళ్ళి
అలవాటు కొద్దీ నోరు తెరిచాను.
"ఏయ్ కరియా! నోర్ముయ్!"
పగిలిన డప్పులా, తుప్పు పట్టిన గేటులా,
అయినా వచ్చింది.
వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్ళింది.
కరియ ఆగాడు. తలెత్తి చూశాడు.
ఆ తర్వాత మొత్తం మందని వెంటేసుకుని
రెట్టింపు అరిచాడు, ద్రోహి.
ఎదురింటి మూడో అంతస్తులో లైటు వెలిగింది.
"యార్రీ అదు, ఇష్టు హొత్తల్లి కిరుచోదు!"
పన్నెండు వారాల తర్వాత
నా వల్ల ఒకళ్ళ నిద్ర చెడింది.
మా ఆయన లేచొచ్చారు, కళ్ళజోడు లేకుండా.
కాసేపు ఏమీ అనలేదు.
"ఇంకోసారి తిట్టు," అన్నారు.

తిట్టాను. లోపలికొచ్చాక
పద్నాలుగో ఎక్కం కూడా ఎత్తుకున్నాను.
పద్నాలుగు ఆర్ల దగ్గర గొంతు జీరపోయింది.
ఎనభై నాలుగు ఆయనే అందించారు.

ఇవాళ పొద్దున్నే చూస్తే
గుమ్మం ముందు నా ఎడమ చెప్పు లేదు.
వాడి పనే.
వెళ్ళి అడగాలి.
అడగగలను.